దుప్పటి మడతలో ఇంగ్లీషు

చిన్నకోడలికి అనుమానం పుట్టుకతో వచ్చింది. కాచిన పాలు కూడా వాసన చూసేది. తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగేది. "మన పెళ్ళయిందనైనా నమ్ముతున్నావా" అని మొగుడు వేళాకోళం చేస్తే, ఆ మాట వెనక ఏం దాచాడోనని రెండు రోజులు ఆలోచించేది. అలాంటి మనిషికి ఇంగ్లీషు నేర్చుకోవలసి వచ్చింది. అదీ తోడికోడలి నోటి నుంచి.

ఇద్దరూ ఒకే పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేస్తారు. పొద్దున మరకల బట్టలు చేత్తో రుద్దడం, మధ్యాహ్నం దుప్పట్లు మడవడం. బ్లీచింగ్ నీళ్ళకు చిన్నకోడలి వేళ్ళు పగిలిపోయాయి. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే చెయ్యి ముడవడం కూడా కష్టమవుతుందన్నాడు చర్మం డాక్టరు. సరిగ్గా అప్పుడే పై అంతస్తులో ఫోన్ ఎత్తే మనిషి మానేసింది. గదుల్లోంచి అతిథులు ఏం కావాలో చెబుతారు, విని ఆ సామాను పంపించాలి. కూర్చుని చేసే పని, చేతులు తడవని పని. ఆ ఒక్క కుర్చీకి ఇద్దరు పోటీ పడ్డారు. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళే.

ఇంగ్లీషు నేర్పడానికి హోటల్ వాళ్ళు ఒక మాస్టారిని పెట్టారు. "మీకు గివ్ తెలుసు, అప్ తెలుసు. రెండూ కలిస్తే ఏమవుతుందో తెలీదు. అతిథులు మాట్లాడేదంతా ఇలాంటి జంటలే" అని ఆయన మొదటి రోజే భయపెట్టాడు. మడతల బల్ల ఖాళీగా ఉండకూడదు గనక పెద్దకోడలు సోమవారం క్లాసుకీ, చిన్నకోడలు గురువారం క్లాసుకీ వెళ్ళాలి. ఒకరోజు చెప్పిన మాటలు ఇంకోరోజు చెప్పరు.

"ఒకరు నేర్చుకున్నవి ఇంకొకరికి చెప్పుకోండి. ఒకింటివాళ్ళేగా" అన్నాడు సూపర్‌వైజరు. ఒకింటివాళ్ళు కాబట్టే చిక్కని ఆయనకెవరు చెప్పాలి?

దుప్పటి మడవడానికి నాలుగు చేతులు కావాలి. చెరో అంచు పట్టుకుని దూరంగా నిలబడి, దులిపి, ఎదురెదురుగా నడిచి రావాలి. దూరంగా ఉన్నప్పుడు ఒకరు ఇంగ్లీషు మాట అనాలి, కొసలు కలిసేలోగా రెండోవాళ్ళు అర్థం చెప్పాలి. ఈ ఉపాయం పెద్దకోడలిదే.

"పుట్ అప్ విత్" అంది పెద్దకోడలు ఒకరోజు.

"పైన పెట్టడం."

"కాదే. భరించడం. సర్దుకుపోవడం."

చిన్నకోడలు మధ్యలోనే ఆగిపోయింది. "పుట్ అంటే పెట్టు, అప్ అంటే పైన, విత్ అంటే తో. ఇందులో భరించడం ఎక్కడుందక్కా?"

"నాకేం తెలుసు. మాస్టారు చెప్పారు, నేను నీకు చెప్పాను."

ఇది చిన్నకోడలికి మింగుడుపడలేదు. ఆ మాటల వాలకమే ఆమెకు నచ్చలేదు. విడివిడిగా అడిగితే ఒక్కొక్కటీ బుద్ధిమంతురాలిలా జవాబు చెబుతుంది, జతకట్టాయంటే ఇంకేదో పన్నుతాయి. తన అత్తగారూ ఆడపడుచూ అంతే. గురువారం మాస్టారిని అడిగితే, భరించడమే అన్నాడు. ఇంకో నాలుగు అడగబోతే, "ఈ రోజు పాఠం ముందు చూసుకోమ్మా" అని విసుక్కున్నాడు. అయినా ఆమె అనుమానం తగ్గలేదు. నమ్మించడానికి ముందు ఒకటి నిజమే చెబుతారు కదా అనుకుంది.

ఆ సాయంత్రం పెద్దకోడలు గిన్నెలు కడుగుతూ ఏదో గొణుక్కుంటోంది. లుక్ ఫార్వర్డ్ టు, లుక్ ఫార్వర్డ్ టు. చిన్నకోడలు గుమ్మం పక్కన నిలబడి చెవులు రిక్కించింది. ఈ మాట తనకు చెప్పలేదు. అంటే మంచివన్నీ దాచుకుంటోందన్నమాట. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు బల్ల దగ్గర చెప్పడం చిన్నకోడలి వంతు. గురువారం నేర్చుకున్నవాటిలో ఫోన్ పనికి ప్రాణంలాంటివి రెండున్నాయి. హోల్డ్ ఆన్ అంటే లైన్లో ఉండమని. హ్యాంగప్ అంటే ఫోన్ పెట్టేయడం.

"హోల్డ్ ఆన్ అంటే పెట్టేయమని" అంది చిన్నకోడలు. "హ్యాంగప్ అంటే ఆగమని."

పెద్దకోడలు తల ఊపింది. కొసలు కలిశాయి. చిన్నకోడలి వైపు కొస బెత్తెడు పక్కకు జారింది. పెద్దకోడలు దాన్ని చూసి సరిచేసింది.

తర్వాతి దుప్పటికి, "లుక్ ఫార్వర్డ్ టు. ఇష్టంగా ఎదురుచూడడం" అంది పెద్దకోడలు. "ఇది నా నోటికి రాలేదే. నాకే రానిది నీకేం చెప్తానని నిన్నంతా వల్లె వేశాను."

చిన్నకోడలికి తల కొట్టేసినట్టయింది. అప్పుడే దిద్దుకోవచ్చు. కానీ దిద్దితే, ముందు తప్పెందుకు చెప్పావని అడుగుతుంది. రేపు చెబుదాంలే అనుకుంది. రేపు కూడా రేపే అనుకుంది. పెద్దకోడలు మాత్రం రోజూ, అడక్కపోయినా, ఆ రెండు మాటలూ అప్పజెప్పేది.

"హోల్డ్ ఆన్ అంటే పెట్టేయమని. అంతేగా చెల్లీ?"

"అంతే అక్కా."

పరీక్ష రోజు మాస్టారు పై గదిలోంచి అతిథిలా ఫోన్ చేస్తాడు. సూపర్‌వైజరు కూడా వినాలని స్పీకరు పెట్టారు. ముందు పెద్దకోడలు కూర్చుంది. చిన్నకోడలు గుమ్మం బయట బల్ల మీద కూర్చుని చూస్తోంది. మాస్టారు దిండ్లు అడిగాడు, సబ్బు అడిగాడు. అన్నిటికీ పెద్దకోడలు తడుముకోకుండా జవాబిచ్చింది. ఉన్నట్టుండి స్పీకర్లోంచి వచ్చింది: "హోల్డ్ ఆన్, ప్లీజ్."

చిన్నకోడలు లేచి నిలబడింది. పెట్టేయకు అక్కా అని అరవాలనిపించింది. ఆ క్షణంలో ఆమెకు కుర్చీ అక్కర్లేదు, చేతులు అక్కర్లేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది.

పెద్దకోడలి చెయ్యి కదల్లేదు. రిసీవరు చెవికి ఆనించుకుని, పెన్సిలు పట్టుకుని, నిదానంగా కూర్చుంది. మాస్టారు మళ్ళీ లైన్లోకి వచ్చేదాకా అలాగే ఉంది.

చిన్నకోడలి గుండె కుదుటపడింది. పడిన మరుక్షణమే ఇంకో ఆలోచన వచ్చింది. ఈవిడకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసు? తెలిశాక నాకు చెప్పినవాటిలో ఎన్ని తలకిందులు?

తన వంతు వచ్చింది. "వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ టవల్స్" అన్నాడు మాస్టారు. రన్ అవుట్ అంటే అయిపోవడమని పెద్దకోడలు చెప్పింది, అదీ పోయిన వారమే. అయిపోవడమని చెప్పిందంటే ఎక్కువైపోవడం అయ్యుండాలి. తువ్వాళ్ళు తీసుకెళ్ళడానికి మనిషిని పంపుతానని చిన్నకోడలు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. ఆ తర్వాత ప్రతి మాటనూ అలాగే తిరగేసింది. సూపర్‌వైజరు కాసేపటికి పెన్నుకు మూత పెట్టాడు.

కుర్చీ పెద్దకోడలికి దక్కింది. ఇద్దరూ కలిసి మడిచే చివరి రోజు వచ్చింది. చిన్నకోడలే ఉండబట్టలేక అడిగింది.

"నాకు చివర్లో తప్పులు చెప్పావా అక్కా?"

"మాస్టారిని అడక్కపోయావా?"

"అడిగాను. అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి."

కొసలు కలిశాయి.

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు చెప్పిన రోజే. ఇన్నేళ్ళలో నీ కొస ఎప్పుడూ జారలేదు, ఆవేళ జారింది. సోమవారం మాస్టారిని అడిగాను."

"మరి రోజూ తప్పే ఎందుకు అప్పజెప్పావు?"

పెద్దకోడలు దుప్పటి మడతను అరచేత్తో సాపు చేసింది. "దిద్దుతావేమోనని" అంది.

చిన్నకోడలు ఏడ్చింది. పెద్దకోడలు ఓదార్చలేదు, విసుక్కోనూ లేదు. ఇంకో దుప్పటి తీసి అంచు అందించింది.

ఇప్పుడు పెద్దకోడలు పైనుంచి లాండ్రీకి ఫోన్ చేసి కావలసినవి చెబుతుంది. మొన్న ఒక మధ్యాహ్నం చిన్నకోడలు తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ ఎత్తింది. "హోల్డ్ ఆన్ చెల్లీ" అందామె. తర్వాత చప్పుడు లేదు. కొళాయి కింద తొట్టి నిండి పొంగుతోంది. మరిచిపోయిందా, కావాలనే నిలబెట్టిందా అని చిన్నకోడలి మనసు అలవాటుగా పీకింది. పగిలిన వేళ్ళు రిసీవరు మీద మండుతున్నాయి.

ఆమె ఫోన్ పెట్టేయలేదు.