ఒక గొంతు, కొన్ని తంత్రులు

ఏటా ఊళ్ళో కొత్త తరహా సంగీతోత్సవం జరిగే వారంలో లాండ్రీకి వాద్యగాళ్ళ నల్లకోట్లు గుట్టలుగా వచ్చిపడతాయి. వాటిని ఇస్త్రీ చేసేసరికి బుల్లికి తలప్రాణం తోకకొస్తుంది. నల్లబట్ట మీద పెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగితే మెరుపు మచ్చ పడుతుంది, ఇక అది చచ్చినా పోదు. బుల్లి అంటే ఇంట్లో చిన్నదేం కాదు, పెద్దపిల్లే. తమ్ముడు పుట్టాక కూడా అమ్మ పిలుపు మార్చలేదు. జుట్టు నెరిసినా ఆమె అందరికీ బుల్లిగానే ఉండిపోయింది.

ఉత్సవానికి ఆమె వెళ్ళేది తమ్ముడి కోసమే. తమ్ముడు సంగీతం రాస్తాడు. వాయించడు, పాడడు, రాస్తాడు. ఇదేం ఉద్యోగమో లాండ్రీలో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. ఒక ఏడు ఒకాయన వేదిక మీద వయొలిన్‌ను బ్రష్షుతో తోముతూ నిలబడ్డాడు. తోమడం అయ్యాక జనం లేచి మరీ చప్పట్లు కొట్టారు. బుల్లి కూడా కొట్టింది. అందరూ కొడుతుంటే చేతులు కట్టుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది?

ఈ ఏడు మాత్రం నవ్వుకునే సంగతి కాదు. తమ్ముడు అమ్మ మీద రాశాడు. కిందటి చలికాలంలో అమ్మ పోయింది. చివరి వారం తమ్ముడు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "నువ్వు పనికెళ్ళక్కా, నేనున్నాగా" అన్నాడు. అమ్మ జబ్బుకని నెలల తరబడి సెలవులు పెట్టి పెట్టి యజమాని ముఖం చూడలేకపోతున్న బుల్లి సరేనని వెళ్ళింది. ఆ మధ్యాహ్నమే అమ్మ పోయింది. "నిద్రలోనే పోయిందక్కా. ఏమీ అడగలేదు" అని చెప్పాడు తమ్ముడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఇన్నాళ్ళూ అన్నం తింది, నిద్రపోయింది.

మంచం పక్కన తను రికార్డు చేసిన అమ్మ ఊపిరి చప్పుడును పాటలో వాడుకుంటానని తమ్ముడు అడిగితే, ఊపిరే కదా, నీ ఇష్టం అంది.

కచేరీ రోజు మధ్యాహ్నం తమ్ముడి కోటు చేతిమీద వేసుకుని బుల్లి హాలుకు వెళ్ళింది. రిహార్సల్ జరుగుతోంది. వెనక వరసలో కూర్చుంది. స్పీకర్లలోంచి అమ్మ ఊపిరి వస్తోంది, కింద చెల్లోలు, ఆ పెద్ద వయొలిన్లు, దానితోపాటే లేస్తూ పడుతూ ఉన్నాయి. బాగానే రాశాడు వెధవ అనుకుని కళ్ళు తుడుచుకుంది. అప్పుడు వాద్యాలన్నీ ఆగిపోయాయి.

"బుల్లీ... దాహమేస్తోందే."

కాసేపు ఊపిరి. మళ్ళీ, "బుల్లీ, ఉన్నావా?"

అది అమ్మ గొంతు. ఆ గది ఆమెకు చీకట్లో కూడా తెలుసు. మంచం పక్క కుర్చీ ఎవరు లేచినా కిర్రుమంటుంది. నీళ్ళ చెంబు మీద బోర్లించిన గ్లాసు తీస్తే ఖణేలుమంటుంది. ఆ రెండు చప్పుళ్ళ కోసం ఆమె చెవులు రిక్కించి కూర్చుంది. అమ్మ మూడోసారి పిలిచింది. గొంతు సగంలోనే తెగిపోయింది. కుర్చీ కదల్లేదు.

"ఆ పిలుపు దగ్గర అందరూ కమాను ఎత్తి పట్టుకోండి. ఎవరూ కదలొద్దు" అన్నాడు వాద్యబృందాన్ని నడిపించే ఆయన.

నడవాలో, వాద్యాల పెట్టెల మధ్య, ఆమె తమ్ముణ్ణి పట్టుకుంది.

"నీళ్ళిచ్చావా?"

"తర్వాత ఇచ్చానక్కా."

"ఎంత తర్వాత?"

తమ్ముడు ఆమె చేతిమీది కోటు వంక చూశాడు. "అప్పటికి మింగలేకపోయింది."

"ఎందుకు లేవలేదురా?"

"లేస్తే కుర్చీ చప్పుడు రికార్డులో పడుతుంది, ఆ గొంతు మళ్ళీ దొరకదనిపించింది. కాసేపేగా అనుకున్నా."

"ఏమీ అడగలేదన్నావు నాతో."

"నన్నేమీ అడగలేదు" అన్నాడు, చాలా మెల్లగా. "నిన్నడిగింది."

అంతలో ఉత్సవం నడిపే ఆవిడ అటుగా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మగారి గొంతు విని మా వాళ్ళంతా ఏడ్చారండీ. ఇంటివాళ్ళకి ఇష్టం లేకపోతే ఇప్పటికైనా ఆపేస్తాం. మీకేం అభ్యంతరం లేదు కదా?"

తమ్ముడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. వద్దని ఒక్క మాటంటే చాలు. కానీ గుట్టుచప్పుడు కాకుండా ఆపేస్తే వీడికేం శిక్ష? జనానికి వీడు అమ్మను కళ్ళలో పెట్టుకు చూసుకున్న కొడుకుగానే మిగిలిపోతాడు. బుల్లి అప్పుడే నిశ్చయించుకుంది. అమ్మ పిలిచిన చోట లేచి నిలబడుతుంది. వీడు పక్కనే కూర్చుని నీళ్ళివ్వలేదని హాలంతా వినేలా చెబుతుంది.

"లేదండీ, కానివ్వండి" అంది.

సాయంత్రానికి హాలు కిటకిటలాడింది. లేవడానికి వీలుగా బుల్లి వరస చివర కూర్చుంది. చెప్పాల్సిన మాటను లోలోపల మళ్ళీ మళ్ళీ అనుకుంది. తమ్ముడు ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. ఆ తల చూస్తే ఒళ్ళు మండిపోయింది.

ఊపిరి మొదలైంది. చెల్లోలు లేచాయి, పడ్డాయి. వాయించేవాళ్ళంతా కమానులు గాలిలోకి ఎత్తారు. బుల్లి కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించింది.

"బుల్లీ... దాహమేస్తోందే."

మధ్యాహ్నం భయంలో సరిగా వినలేదు. అమ్మ పిలిచే ముందు నాలుకతో చిన్నగా చప్పరించేది. అది మరిచిపోయింది తను. "లీ" దగ్గర గొంతు కాస్త పైకి పోయేది, కోపం లేకపోయినా కోప్పడుతున్నట్టు. అదీ మరిచిపోయింది. ఈ కొన్ని నెలల్లో ఆ గొంతు రోజుకు కాస్త చొప్పున ఆమెకు దూరమవుతూ వచ్చింది. ఎంత గుర్తు చేసుకున్నా మాటలే గుర్తొచ్చేవి, గొంతు వచ్చేది కాదు. ఇప్పుడు హాలంతా అదే గొంతు.

లేవాలి. లేచి నోరు తెరిస్తే అంతా ఆగిపోతుంది. అమ్మ కూడా.

"బుల్లీ, ఉన్నావా?"

ఉన్నానని అనలేదు. ఊపిరి బిగబట్టింది. పక్కన ఎవరో దగ్గబోతే చురచురా చూసింది. అమ్మ దాహంతో పిలుస్తుంటే, ఇంకొక్కసారి పిలిస్తే బాగుండునని కోరుకుంది. అలా కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కదల్లేదు. మూడో పిలుపు తెగిపోయింది. వయొలిన్లు అందుకున్నాయి.

చప్పట్లు చాలాసేపు మోగాయి. జనం వెళ్ళిపోయాక తమ్ముడు వచ్చి ఆమె పక్క కుర్చీలో కూలబడ్డాడు. పసిపిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తున్నాడు.

"లేచి ఏదో ఒకటి అంటావనుకున్నానక్కా. అనాల్సింది."

ఆమె వాడి వంక చూడలేదు. వాణ్ణి క్షమించలేదు, ఎప్పటికీ క్షమించదు కూడా. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మిగతాది ఉందా?" అంది.

"ఏ మిగతాది?"

"ఆ రోజు రికార్డు చేసింది. మొత్తం."

తమ్ముడు బిత్తరపోయాడు. "వద్దక్కా. అందులో నిన్ను పిలుస్తూనే ఉంటుంది."

"తెలుసు" అంది బుల్లి. "ఇవ్వు."