ఊరికే అడిగిన మాట

అనంతపురంలో నారాయణ ఇంటి మేడ మీద రెండు గదులు ఖాళీ అయ్యాయి. గేటుకు టు లెట్ బోర్డు కట్టిన రోజే ఆశ్రిత వచ్చింది. వెంట తల్లి ఎలిజబెత్ ఉంది. ఆశ్రితకు పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. దగ్గరలో గది దొరకకపోతే ఉద్యోగం మానేసి ఇంటికి రమ్మని తండ్రి ఇమ్మానుయేల్ ముందే చెప్పాడు.

నారాయణ భార్య బయమ్మ మంచినీళ్ళిచ్చింది.

"ఏ ఊరు పాపా?"

"కణేకల్ దగ్గరమ్మా."

"ఊర్లో యాడ ఇల్లు?"

"చర్చి పక్కన."

బయమ్మ భర్త వంక చూసింది. ఆమె అడగదలుచుకున్న కులం అడగకుండానే తెలిసిపోయింది.

ఆశ్రిత ఆధార్, ఆసుపత్రి గుర్తింపు కార్డు ముందు పెట్టింది. "కళ్యాణదుర్గంలో మేముండిన ఇంటి ఓనరు నంబరు ఇస్తా సార్. ఏం కావాలన్నా ఆమెను అడగండి."

"అవన్నీ ఎందుకులేమ్మా. రెండు దినాలాగు, చెప్తా" అన్నాడు నారాయణ. నంబరు మాత్రం తీసుకున్నాడు. దానికి ఫోను చేయలేదు.

నారాయణ, ఆశ్రిత ఊళ్ళో తనకు తెలిసిన వడ్ల వ్యాపారి చిన్నప్పకు ఫోను చేశాడు.

"ఇమ్మానుయేల్ కూతురు ఆశ్రిత అని ఉండాది గదా, ఎట్లాంటి పిల్ల?"

"ఏమప్పా, ఆ పిల్లతో నీకేం పని? మీ కొడుకు చైతన్య గాని ఏమన్నా..." చిన్నప్ప పకపకా నవ్వాడు.

"ఛీ, మావాడు అట్లాంటోడు కాదు. ఊరికే అడిగినా."

ఇల్లు అద్దెకని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఎందుకు అడిగాడో చెబితే, రేపు ఇల్లు ఎందుకు ఇవ్వలేదో కూడా చెప్పాల్సి వస్తుంది.

చదివే అయ్యలారా, అమ్మలారా, మన పల్లెల్లో ఆడపిల్ల గురించి ఊరికే ఎవరూ అడగరు. సంబంధానికి అడుగుతారు, లేదా తప్పు జరిగితే అడుగుతారు. భూములున్న నారాయణ ఇమ్మానుయేల్ ఇంటికి సంబంధానికి రాడు. మిగిలింది రెండోదే. తెల్లారేసరికి టీ కొట్టు దగ్గర కథ తయారైంది. ఆశ్రిత టౌనులో పెద్దింటి పిల్లోణ్ణి పట్టిందంట, వాళ్ళ నాయన ఆరా తీస్తాండాడంట.

ఆదివారం చర్చిలో ఎలిజబెత్ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇమ్మానుయేల్ అనంతపురం వెళ్ళి, స్నేహితురాలి గదిలో ఉంటున్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"నువ్వు తప్పు చేసినావని కాదు పాపా. నేను ఊర్లో తలెత్తుకోని తిరగల్ల గదా" అన్నాడు.

ఆమె ఏడవలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

ఆశ్రితకు ఇవ్వని మేడ గదుల్లో నారాయణ కులంవాడే అయిన హరినాథ్ చేరాడు. మనోడే కదా అని నారాయణ అతని ఆధార్ కూడా చూడలేదు. హరినాథ్ మంచివాడే. అద్దె సరిగ్గా కడతాడు. అయినంత మాత్రాన జరిగింది న్యాయమైపోదు.

కొన్నాళ్ళకు కళ్యాణదుర్గం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. రిటైరైన టీచరు. అక్కడి వీధంతా ఆమెను పెద్దక్క అంటుంది. ఆశ్రిత పాత ఇంటి ఓనరు ఆమే. జరిగింది ఆశ్రితే ఫోనులో చెప్పింది.

"నా నంబరు నీకిచ్చినాదంట. నాకెందుకు చెయ్యలేదప్పా?" గుమ్మంలోనే అడిగింది పెద్దక్క.

"నేను చెడ్డమాట ఒక్కటీ అనలేదక్కా. ఊరికే అడిగినా."

"నువ్వు ఊరికే అడిగినావు. ఆ పిల్ల ఊరికే పోయింది. ఈ పొద్దు మిరప చేన్లో కలుపు తీస్తాండాది."

"లోపలికి రాక్కా, కాఫీ తాగుదువు" అంది బయమ్మ.

"వద్దులే తల్లీ." పెద్దక్క నారాయణ వైపే చూసింది. "ఇల్లు నీది. అడగొద్దని ఎవరన్నారు? కార్డు చూడు. పని ఉండాదో లేదో చూడు. పాత ఓనర్ను అడుగు. పోలీస్ స్టేషన్లో వివరాలియ్యి. ఆ పిల్లకు చెప్పి చెయ్యి ఇవన్నీ. ఇప్పుడు మేడ మీద ఉండేటోణ్ణీ అవే అడుగు. ఊర్లో యాడ ఇల్లని అడిగితిరే, దానికీ నీ అద్దెకూ ఏమప్పా సంబంధం?"

నారాయణ ఆమె ముందే చిన్నప్పకు ఫోను చేశాడు. అద్దె కోసమే అడిగానని చెప్పాడు. అవతల నవ్వు వినిపించింది.

"ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారప్పా? కొడుకును కాపాడుకుంటాండాడంటారు."

నారాయణ ఫోను పెట్టేశాడు. ల్యాబులో ఆశ్రిత స్థానంలోకి అప్పటికే వేరే అమ్మాయి వచ్చింది.

పెద్దక్క చెప్పులేసుకుంది. "ఒక ఇల్లు పోతే ఇంకో ఇల్లు వెతుక్కోవచ్చు. పేరును యాడ వెతుక్కోవాల?" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇల్లిచ్చేవారు అడగండి. ఇంటికి అవసరమైనంతే అడగండి, అందరినీ ఒకేలా అడగండి, ఆ మనిషికి తెలిసేలా అడగండి. చాటున అడిగేది విచారణ కాదు, తప్పు చేయనివారికి వేసే శిక్ష.