గోల చేసే బొమ్మ

మనవడి రెండో పుట్టినరోజుకి బట్టలు కుట్టనని సుందరమ్మ అనేసరికి రేపల్లెలో ఆమె ఉండే వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆ వీధిలో ఏ బిడ్డకి బాప్తిస్మం ఇప్పించినా, ఏ పిల్లని బళ్ళో వేసినా బట్టలు సుందరమ్మ మిషను మీద కుట్టినవే. ఊళ్ళో పిల్లలందరికీ కుట్టిన మనిషి, ఒక్కగానొక్క మనవడికి కుట్టకపోవడం ఏంటి?

"వాడికి బొమ్మ కొంటాను," అంది సుందరమ్మ.

"ఏం బొమ్మ?" అన్నాడు భర్త తోమాసు, పేపరు చాటునుంచి. రైసుమిల్లులో గుమాస్తాగా చేసి మానేశాడాయన. చేతిలో పేపరుంటే లోకంలో మరేదీ తొందరపనిగా తోచదు.

"గోల చేసే బొమ్మ."

తోమాసు పేపరు దించాడు. "మళ్ళీ మొదలెట్టావా సుందరం?" అన్నాడు మెల్లగా.

మొదలుపెట్టింది ఇప్పుడు కాదు. కిందటి క్రిస్మస్‌కి కొడుకు వరప్రసాదం భార్యనీ పిల్లాణ్ణీ తీసుకుని బాపట్ల నుంచి వచ్చాడు. గుడి నుంచి వచ్చి అందరూ అరుగు మీద కూర్చున్నారు. బాబ్జీ నాయనమ్మ ఒళ్ళో కూర్చుని అరిసె ముక్క చీకుతున్నాడు. వీధి పిల్లలు ఎప్పుడు పెట్టారో, మెట్టు పక్కనే బాంబు పేలింది. కుక్క మంచం కిందికి దూరింది. తోమాసు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కోడలు కుసుమకుమారి చెవులు మూసుకుంది. బాబ్జీ మాత్రం అరిసె చీకుతూనే ఉన్నాడు. వాడి ఒంట్లో ఒక్క నరం కూడా అదరలేదు. ఒళ్ళో పెట్టుకున్న మనిషి గనక ఆ సంగతి సుందరమ్మకే తెలిసింది.

మర్నాడు వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. పిలిచింది. ఈల వేసింది. వాడు తిరగలేదు. కొడుకుని పక్కకి పిలిచి చెప్పింది.

"ఆడుకునేటప్పుడు వాడికి ధ్యాస ఉండదమ్మా," అన్నాడు వరప్రసాదం.

"మాటలు కూడా రాలేదు కదరా."

"నాకు మూడేళ్ళు దాటాకే మాటలొచ్చాయని నువ్వేగా అందరికీ చెప్పేదానివి?"

ఆ మాట నిజమే. ఈస్టరుకి బాపట్ల వెళ్ళినప్పుడు మళ్ళీ ఎత్తితే, కొడుకు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "నా బిడ్డకి లేని రోగం అంటగట్టకు," అన్నాడు. కోడలైతే, "నేను పిలిస్తే చూస్తాడత్తయ్యా," అని తల దించుకుంది.

నోటిమాటతో ఒప్పుకోరని సుందరమ్మకి అర్థమైంది. కళ్ళతో చూడాలి. చూశాక కాదనలేనట్టు చూడాలి. చెవులకి సంబంధించిన సంగతి ఆలస్యం చేస్తే మాటలు కూడా పోతాయని మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఓ ఆవిడ చెప్పినప్పటినుంచీ ఆమెకి కంటిమీద కునుకు లేదు. అందుకే ఈ బొమ్మ.

"మీరు రేపు ప్రార్థన వేళకి నేరుగా వచ్చెయ్యండి. నేను ఇవాళే వెళ్తున్నా," అని భర్తతో చెప్పి, సంచి పట్టుకుని తెనాలి రైలెక్కింది.

తెనాలిలో రైలు దిగి బజారుకి నడిచింది. ఎనభై ఎనిమిదో సంవత్సరం వేసవి. అప్పటికే ఎండ చుర్రుమంటోంది. మొదటి బొమ్మల కొట్లో కీ ఇస్తే తాళాలు కొట్టే కోతిని చూపించాడు కొట్టతను. కోతి తల ఊపుతూ టింగుటింగుమని వాయించింది. చూడటానికి ముచ్చటగానే ఉంది.

"ఇది వద్దు బాబూ," అంది.

"ఏమ్మా? పిల్లలు ప్రాణం పెడతారండి దీనికి."

"కదులుద్ది కదా. కదిలేదైతే కుదరదు."

కదిలే బొమ్మని బాబ్జీ చూస్తాడు. చూసి నవ్వుతాడు. 'చూశావా, విన్నాడు' అంటాడు వాళ్ళ నాన్న. కొట్టతనికి ఇదంతా ఏం చెబుతుంది? రెండో కొట్లో ఈలలు, మూడో కొట్లో పీపీలు, నొక్కితే కీచుమనే రబ్బరు చిలక. ఊది చూసింది, నొక్కి చూసింది. అన్నీ సన్నటి గొంతులే. 'ఆ చప్పుడు నాకే వినపళ్ళేదు' అంటాడు కొడుకు. చివరి కొట్టువాడు చిలకని లాక్కుని లోపల పెట్టేస్తూ, "అసలు మీకేం కావాలో మీకు తెలుసా మామ్మగారూ?" అన్నాడు.

"తెలుసు. నీ దగ్గర లేదు," అని బయటికొచ్చింది.

గొంతెండిపోయి ఓ సోడా తాగుతూ నిలబడింది. అప్పుడు సందులోంచి వినపడింది, ధన్ ధన్ మని. హార్మోనియంలు, డోలక్‌లు బాగుచేసే కొట్టు. నాటకాలవాళ్ళకీ, భజనలవాళ్ళకీ, గుళ్ళో పాటలు పాడేవాళ్ళకీ అదొక్కటే దిక్కు. కోటయ్య అనే పెద్దాయన కొత్త తోలు బిగించి వాయించి చూస్తున్నాడు. సుందరమ్మ సోడా సగంలో వదిలేసి అటు నడిచింది.

"చిన్నది ఉందా అన్నయ్యగారూ, ఇలాంటిది?"

"ఎవరు వాయిస్తారమ్మా?"

"మా మనవడు. రెండేళ్ళు రేపటికి."

కోటయ్య పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. అటక మీంచి ఓ బుల్లి డోలక్ దించి దుమ్ము తుడిచాడు. చిన్నదే గానీ బొమ్మ కాదు. అసలు చెక్క, అసలు తోలు. సుందరమ్మ అరచేత్తో ఒకటి వేసింది. గుండెల్లో మోగింది.

"ఇంకా గట్టిగా మోగుద్దా?"

"ఇంకానా! ఇల్లు లేచిపోద్దమ్మా. పక్కింటివాళ్ళు తన్నడానికొస్తారు."

"వస్తే ఆ దెబ్బలు నేను తింటాలెండి. కాస్త బిగించి ఇవ్వండి."

బాపట్ల రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆమె ధైర్యం కాస్త సడలింది. ఒళ్ళో డోలక్ చూసి పక్కనున్న అమ్మాయి, "భజనకాండీ పిన్నిగారూ?" అంది. "కాదమ్మా, పుట్టినరోజుకి," అంది. అన్నాక, ఎలాంటి కానుక పట్టుకెళ్తున్నానా అనిపించింది. వాడు వెనక్కి తిరిగితే ఈ ముసలిదానికి చాదస్తమని అందరూ నవ్వుతారు. నవ్వనీ, అంతకన్నా ఏం కావాలి! తిరక్కపోతే? పండగపూట ఆ ఇంట్లో దీపం ఆర్పినదాన్నవుతాను. ఇప్పటికైనా బజారుకెళ్ళి ఓ జుబ్బా కొనుక్కుని చక్కగా నవ్వుతూ వెళ్ళొచ్చు. రైలు వచ్చింది. డోలక్ చంకలో పెట్టుకుని ఎక్కేసింది.

ఇంటికి చేరేసరికి వరప్రసాదం ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. కుసుమకుమారి వంటింట్లో ఉంది. ముందుగదిలో రంగుకాగితాలు కట్టి ఉన్నాయి. వాటి కింద బాబ్జీ గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

సుందరమ్మ చెప్పులు విడిచి, అడుగు చప్పుడు కాకుండా గుమ్మంలోనే ఆగింది. డోలక్ గుండెకి ఆనించుకుని పట్టుకుంది. "ప్రభువా, వీణ్ణి తిప్పు. నన్ను పిచ్చిదాన్ని చెయ్యి," అనుకుంది. బలంకొద్దీ వాయించింది.

పక్క వాటాలో నిద్రపోతున్న పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. కుసుమకుమారి గరిటె చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. "ఏంటత్తయ్యా అది!"

బాబ్జీ అగ్గిపెట్టె మీద అగ్గిపెట్టె పెట్టాడు. అది పడిపోకుండా మెల్లగా వేలు తీశాడు.

ఇద్దరు ఆడవాళ్ళూ వాడి వీపుకేసి చూస్తూ నిలబడిపోయారు.

"ధ్యాసలో లేడు," అంది కుసుమకుమారి.

"అయితే నువ్వు వాయించమ్మా. తల్లివి."

కోడలు వెనక్కి జరిగింది. సుందరమ్మ డోలక్ చాపిన చెయ్యి దించలేదు. చివరికి కుసుమకుమారి గరిటె కింద పెట్టి అందుకుంది. ఒకటి కొట్టింది. ఇంకొకటి. తర్వాత ఆపలేదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే, రెండు చేతులతో కొడుతూనే ఉంది. వాడు ఐదో పెట్టె వెతుక్కుంటున్నాడు.

సుందరమ్మ ఆమె చేతులు పట్టుకుని ఆపింది. కోడలు అత్త భుజం మీద కూలిపోయింది.

"నాకు తెలుసత్తయ్యా. పిలిచేటప్పుడు కాలితో నేల తన్నేదాన్ని. అదురుకి తిరిగేవాడు. మీ అబ్బాయి, 'చూడు, విన్నాడు' అనేవారు. ఆ మొహం చూశాక ఇంక నోరు పెగిలేది కాదు."

వరప్రసాదం వచ్చేసరికి ఇద్దరి మొహాలూ ఉబ్బి ఉన్నాయి. సంగతి విని భార్యని ఏమీ అనలేదు. తల్లి మీద మాత్రం మండిపడ్డాడు. "రేపు పదిమందీ వస్తున్నారు! ఇదా పుట్టినరోజుకి నువ్వు తెచ్చింది?"

"ఇదే తెచ్చాను. వాడి వెనక నిలబడి నువ్వూ వాయించు."

"నేను వాయించను."

"వాయించకు. ఎల్లుండి గుంటూరు చెవుల డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్తున్నాం. నువ్వొస్తే సరే. లేకపోతే మేమిద్దరం వెళ్తాం."

వరప్రసాదం పిల్లాణ్ణి చంకనేసుకుని విసురుగా బయటికెళ్ళిపోయాడు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చి, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గుమ్మం మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు. సుందరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

"రోడ్డు మీద లారీవాడు వెనకనుంచి హారను కొట్టాడమ్మా," అన్నాడు. "నేను ఎగిరి గట్టుమీద పడ్డాను. వీడు నా చొక్కా గుండీతో ఆడుకుంటూనే ఉన్నాడు."

సుందరమ్మ కొడుకు వీపు మీద చెయ్యి వేసింది. అంత పెద్దవాణ్ణి అలా నిమిరి ఎన్నేళ్ళయిందో.

పుట్టినరోజు ఆపలేదు. ఆపడానికి వీల్లేదంది సుందరమ్మ. మర్నాడు సాయంత్రం తోమాసు వచ్చాడు, పాస్టరుగారు వచ్చారు, ఆఫీసువాళ్ళు వచ్చారు. ప్రార్థన అయ్యాక పాట ఎత్తుకున్నారు. వరప్రసాదంతో పనిచేసే దేవసహాయం మూలనున్న డోలక్ చూసి, ఒళ్ళో పెట్టుకుని పాటకి తగ్గట్టు వాయించడం మొదలుపెట్టాడు. బాబ్జీ తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి దాని మీద అరచెయ్యి వేశాడు. చటుక్కున తీశాడు. మళ్ళీ వేశాడు. ఈసారి రెండు చేతులూ వేసి, చెంప కూడా ఆనించి, కిలకిలా నవ్వాడు. దేవసహాయం ఆపితే బాబ్జీ అతని చెయ్యి పట్టుకుని తోలు మీద కొట్టించాడు. పాట అయిపోయినా డోలక్ ఆగలేదు. అంతమందిలో కుసుమకుమారి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

గుంటూరుకి అందరూ వెళ్ళారు. డాక్టరు చాలాసేపు చూసి చెప్పాడు: "కుడిచెవి లేదనే అనుకోండి. ఎడమ చెవిలో కొంచెం ఉంది. వినికిడి మిషను పెట్టాలి. వారం వారం తీసుకొచ్చి మాటలు నేర్పించాలి. ఇంకా ముందే తేవాల్సింది. ఇప్పటికైనా తెచ్చారు, మేలు. చాలా ఓపిక కావాలి."

"ఓపిక ఉందండి," అంది సుందరమ్మ.

"ఎవరికమ్మా?"

"నాకండి."

కోడలికి మళ్ళీ నెల తప్పింది. కొడుక్కి వారం వారం సెలవు దొరకదు. సుందరమ్మ రేపల్లె వెళ్ళి కుట్టుమిషను బాపట్ల బస్సు మీద వేయించింది.

"మరి నా సంగతేంటే?" అన్నాడు తోమాసు.

"మీరూ రండి. బాపట్లలో పేపరు దొరకదా ఏంటి?"

మొదట్లో చెవిలో పెట్టిన బిళ్ళని బాబ్జీ పీకి పారేసేవాడు. సుందరమ్మ పెట్టేది, వాడు పీకేవాడు. కరిచాడు, రక్కాడు. రొమ్ము మీద వేలాడే మిషను పెట్టె లాగేస్తున్నాడని సుందరమ్మ వీపు వెనక బొత్తాలుండేలా జేబు బనీన్లు కుట్టింది. గుంటూరులో నేర్పినట్టు, వాడి చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని, "అమ్మ, అన్నం, ఆవు," అని పొద్దస్తమానం చెప్పింది. వానాకాలం వచ్చింది. వాడు ఒక్కదానికీ పలకలేదు. "ఎందుకే నీకీ తంటా," అని తోమాసు ఒకసారి అన్నాడు. ఆమె బాబ్జీ చెయ్యి మళ్ళీ గొంతు మీద పెట్టుకుని, "ఆవు," అంది.

ఓ ఆదివారం గుడికి వెళ్ళే ముందు, చెవికి మిషను పెట్టి వాడికి తల దువ్వుతోంది. వంటింట్లో కుక్కరు కూసింది. దువ్వెన కింద తల చటుక్కున అటు తిరిగింది.

సుందరమ్మ దువ్వడం ఆపేసింది. గుమ్మంలో కుసుమకుమారి కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడి చూస్తోంది. ఆమె కూడా చూసింది.

"పప్పు ఉడికిపోయి ఉంటుందే, దింపు," అంది సుందరమ్మ.

"మాడిపోనివ్వండి అత్తయ్యా," అంది కోడలు. "ఇంకో కూత రానివ్వండి."

ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడే కదలకుండా ఉన్నారు. కుక్కరు బుసబుసలాడి, గడగడలాడి, మళ్ళీ కూసింది. బాబ్జీ మళ్ళీ తిరిగాడు. ఈసారి వంటింటివైపు వేలు చూపిస్తూ నాయనమ్మ మొహంలోకి చూశాడు, అదేంటి అన్నట్టు.