రెండంగుళాలు లోపలికి

…అయినా అదేమంత పెద్ద చప్పుడు కాదు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మీద మోకాలు పెట్టి నొక్కితే వస్తుందే, అలాంటిది. ఒక్కసారే. అది స్ప్రింగులోంచి వచ్చి ఉండవచ్చు, చక్రంలోంచి వచ్చి ఉండవచ్చు, తన మోకాలి చిప్పలోంచే వచ్చి ఉండవచ్చు. ఈ మధ్య అదీ చప్పుడు చేస్తోంది. మూడు కారణాలు వరుసగా చెప్పుకుని నాలుగోది వెతుక్కుంటుండగా అతనికి తన సంగతి తనకే తెలిసిపోయింది. నిజంగా ఏమీ కాకపోతే మనిషికి ఇన్ని కారణాలతో పనిలేదు.

అతను చెంప నేలకు ఆనించి, ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్కావాళ్లింటి వెనక, కారు పెట్టుకునే రేకుల షెడ్డు. సిమెంటు నేల చల్లగా ఉంది. ఫోను టార్చి వెలుగును కారు అడుగుకి వేసి, ఎడమవైపు వెనక చక్రానికి కాస్త ముందు ఉన్న చోటును ఐదోసారి చూశాడు. నల్లటి పలక మీద సీసా మూతంత గుంట. గుంట మధ్యలో సన్నగా ఒక గీత. అది పగులా, మురికా? కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు, ముక్కు మీదికి దించి చూశాడు. దూరంగా ఉన్నవి ఇప్పటికీ బాగానే కనిపిస్తాయి. దగ్గరివే మొరాయిస్తున్నాయి.

వేలు పెట్టి తడిమాడు. గీత వేలికి తగిలినట్టే ఉంది, తగలనట్టూ ఉంది.

టైము రెండున్నర. నాలుగింటికి అక్క ఈ కారులోనే కూతుర్ని కాలేజీ హాస్టల్లో దింపడానికి బయలుదేరుతుంది. మూడు గంటల దారి, సగం కొండదారి.

పొద్దున అంతా సవ్యంగానే మొదలైంది. వీధి చివర రోడ్డు తవ్వి కంకర పోసి వదిలేశారు. ఆ రాళ్లు చక్రాలతో లేచి కొత్త కారు ఒంటిని కొడుతున్నాయి. ముదురు నీలం రంగు, ఎండలో చూస్తే లోపల ఆకుపచ్చ మెరుపు. అలాంటి రంగు మీద చక్రాల వెనక ఆవగింజంత తెల్లచుక్కలు పదకొండు లెక్కపెట్టాడు పోయిన వారం. చక్రాల వెనక రబ్బరు రెక్కలు బిగిస్తే సరిపోతుందని చెప్పింది అతనే. షోరూం వాళ్లే బిగిస్తారని బావ అంటే, "మా తమ్ముడుండగా వాళ్లెందుకు?" అంది అక్క. ఆ మాట విని అతనికి నాలుగు రోజులు నిద్ర బాగా పట్టింది.

ఎందుకంటే అతను పెయింటరు. ఇరవై ఆరేళ్లుగా కార్లకు గుంటలు తీసి రంగులు వేసినవాడు. రెండు నెలల క్రితం ఒక తెల్లకారు తలుపుకు వేసిన తెలుపు, మిగతా కారు తెలుపుతో కలవలేదు. అది అతనికి తప్ప అందరికీ కనిపించింది. గ్యారేజీ ఓనరు తిట్టలేదు. భుజం తట్టి, "కొన్నాళ్లు పాలిషింగు చూడు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అందుకే ఈ పని పూజలా మొదలుపెట్టాడు. ముందు చక్రాల దగ్గర ఇబ్బందే లేదు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పితే చక్రం వెనక చోటు దొరుకుతుంది. ఉన్న స్క్రూలు రెండు విప్పాడు, మట్టి కడిగి ఆరబెట్టాడు, రబ్బరు ఆనే చోట రంగు మీద పారదర్శకమైన పొర అంటించాడు, రెక్క పెట్టి అవే స్క్రూలు బిగించాడు. వెనక చక్రాలు తిరగవు. చక్రానికీ కారు ఒంటికీ మధ్య చెయ్యి పట్టలేదు. కారు కొంచెం పైకి లేస్తే గాని స్క్రూ అందేట్టు లేదు.

జాకీ పెట్టాల్సిన చోటు కారు అంచున గుర్తు వేసి ఉంది. చూశాడు. చూడకపోవడం కాదు. కానీ ఆ అంచు దాకా నీలం రంగు ఉంది. ఇనుప జాకీ తల అక్కడ నొక్కితే రంగు పెచ్చు లేస్తుంది, పెచ్చు లేచిన చోట తుప్పు మొదలవుతుంది. ఈ విషయంలో ఎంతమంది మెకానిక్కులతో గొడవ పడ్డాడో లెక్కలేదు. అందుకని జాకీని రెండంగుళాలు లోపలికి జరిపాడు. అక్కడ నల్లగా, చదునుగా ఉంది. రంగు లేని చోటు. రంగు లేని చోట తగిలినది దెబ్బ కాదు. అతని చేతులు ఇరవై ఆరేళ్లుగా నమ్మిన ధర్మం అది.

ఆ నల్లపలక వెనక బ్యాటరీ పరుపులా పరిచి ఉంటుందని తెలియక కాదు. కారు కొన్నరోజే బావ పూస గుచ్చినట్టు చెప్పాడు. తెలుసు. చేతులకే తెలియలేదు.

చప్పుడయ్యాక వెంటనే దించేశాడు. గుర్తు వేసి ఉన్న చోటే గుడ్డ మడతపెట్టి, మళ్లీ లేపి, రెక్కలు రెండూ బిగించాడు. చేతులు వాటంతటవి పని పూర్తి చేశాయి. ఆ తర్వాతే కారు అరలోంచి పుస్తకం తీసి, చేయి బారెడు చాపి పట్టుకుని చదివాడు. *అడుగుభాగానికి దెబ్బ తగిలితే కారును నడపరాదు. లోపలి నష్టం వెంటనే బయటపడకపోవచ్చు. గంటల తర్వాత గాని, రోజుల తర్వాత గాని పొగ, మంటలు రావచ్చు.* చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది ఆ చదువు. 'రాకపోవచ్చు' అని కూడా ఎక్కడైనా రాశారేమోనని ఆ పేజీ అటూ ఇటూ తిప్పాడు. రాయలేదు.

అప్పుడు చేసిన పని గురించి అతను తర్వాత ఎంత ఆలోచించినా, నిర్ణయం ఎక్కడ తీసుకున్నాడో దొరకలేదు. సంచిలోంచి నల్ల స్ప్రే డబ్బా తీయడం, ఊపడం, డబ్బాలో గోళీ టకటకమనడం, గుంట మీద రెండు పూతలు, అంచులు కలిసిపోయేలా ఒక పలచటి పూత. టార్చి వేసి చూశాడు. గీత లేదు. గుంట కూడా చూపు జారిపోయేట్టు అయింది. ఒక్క క్షణం అతనికి ఆనందం కలిగింది. రెండు నెలల తర్వాత రంగు రంగుతో కలిసింది. ఆ ఆనందాన్ని తనలో పట్టుకుని చూసి, డబ్బాకు గబుక్కున మూత పెట్టేశాడు.

గుంటలు మాయం చేయడమే కదా తన బతుకు. "మా ఆయనకు తెలియకూడదు", "మా నాన్న వచ్చేలోపు" అంటూ వచ్చినవాళ్లు ఎందరో. ఒకాయన ఒకే స్తంభానికి మూడుసార్లు గుద్దుకుని వచ్చాడు, మూడుసార్లూ ఇంట్లో తెలియలేదు. ఊళ్లో సగం కాపురాల గుట్టు అతని పుట్టీ కింద ఉంది. అవేవీ ఎవరినీ చంపలేదు. అవి తలుపులు, బంపర్లు.

"ఏంటి బావమరిదీ, కారు కింద కాపురం పెట్టావా?"

బావ. చేతిలో టీకప్పుతో షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. అతను లేచి కూర్చున్నాడు.

"అయిపోయింది బావా."

"నాలుగు రబ్బరు ముక్కలకి ఇంతసేపా? షోరూంలో అయితే ఈ టీ చల్లారేలోపు బిగించి పంపేవాళ్లు."

"వాళ్లు కింద పొర వెయ్యరు. రబ్బరుకీ రంగుకీ మధ్య ఇసుక చేరితే, కాపలావాడే కన్నం వేసినట్టవుతుంది."

"అబ్బో! మాటలు కూడా పాలిష్ పడుతున్నావే." బావ నవ్వాడు. అంతలో నవ్వు ఆపి, "ఏంటా చేతిలోది? రంగు వాసనేస్తోంది" అన్నాడు.

"స్క్రూలకి. తుప్పు పట్టకుండా."

ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే రెండో పూత అక్కర్లేకపోయింది. బావ నడుం మీద చెయ్యి వేసుకుని వంగబోయాడు. చూడు బావా, చూడు. వద్దు, చూడకు. రెండూ ఒకేసారి అనుకున్నాడు, రెండూ మనస్ఫూర్తిగానే అనుకున్నాడు.

"ఈ నడుముతో ఎవడు వంగుతాడయ్యా," అంటూ బావ మధ్యలోనే లేచాడు. "నువ్వు చూశావుగా, చాలు."

నువ్వు చూశావుగా.

మూడున్నర దాకా అతను చేసిందల్లా సామాను సర్దడం. సర్దిన సంచిని మళ్లీ విప్పి సర్దాడు. ఎవరికీ చెప్పకుండా సరిచేసే దారి ఏదైనా ఉందేమోనని బుర్ర పరుగెడుతూనే ఉంది. చేరాక ఫోను చేసి, ఏదో వంకతో కారును సర్వీసుకు పంపించమంటే? కానీ చేరాక. కొండ దిగాక. చక్రం గాలి తీసేస్తే? చిన్నపిల్లల పని, బావ అరగంటలో గాలి కొట్టిస్తాడు. అసలు చెప్పకపోవడం అబద్ధమెలా అవుతుంది? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు గాని, అతనికి కళ్లు మూస్తే ఆ గుంట ఇంకా స్పష్టంగా, దగ్గరగా కనిపిస్తోంది. కళ్లజోడు కూడా అక్కర్లేదు.

భయం మంటల గురించే అయితే ఎప్పుడో చెప్పేసేవాడు. అసలు భయం అక్క ముఖం. అందులో కోపం ఉండదు. ఓనరులాగే భుజం తడుతుందేమో. "పోన్లేరా, వయసు" అంటుందేమో. ఆ తర్వాత తన చేతుల్ని నమ్మేవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ మిగలరు. మనిషి ఒక నమ్మకాన్ని కాపాడుకోవడానికి ఆ నమ్మకం పెట్టుకున్న మనిషినే పణం పెడతాడా? పెడతాడు. ఇదిగో, ఇక్కడ సంచి సర్దుకుంటూ కూర్చుని పెడుతున్నాడు.

అక్క వచ్చింది. చీర కొంగు నడుముకు దోపుకుని, వంగి, వెనక రెక్కను వేలితో అటూ ఇటూ ఊపి చూసింది.

"కారుతోపాటు పుట్టినట్టున్నాయిరా! ఇలాంటి చేతికి గుడ్డముక్క ఇచ్చి పాలిషు పట్టమంటారా? మీ ఓనరుకే కళ్లు లేవు."

"అక్కా, ఇవాళే వెళ్లాలా?"

"రేపు పొద్దున దానికి పరీక్ష కదరా."

"బస్సులో వెళ్తే…"

"బాగుందయ్యా!" అన్నాడు బావ వెనక నుంచి. "రెక్కలు కట్టింది నువ్వే, ఎగరొద్దనేది నువ్వేనా?"

మేనకోడలు భుజాన సంచి, చేతిలో పుస్తకాల కట్టతో వచ్చింది. షెడ్డులో ఒకసారి చుట్టూ చూసింది. "మామయ్యా, జాకీ ఎందుకు తీశావ్? ఆ రెక్కల పెట్టె మీద కారు లేపక్కర్లేదని ఉందిగా?"

"ముందు చక్రాలకి అక్కర్లేదు. వెనక చక్రాలు తిరగవు కదా తల్లీ."

"మరి ఎక్కడ పెట్టి లేపావ్?"

ఎక్కడ పెట్టి లేపావ్. ఇంత సూటి ప్రశ్న ఈ రోజంతా ఎవరూ వెయ్యలేదు. జవాబు నాలుక మీదికి వచ్చింది. నోరు తెరిచాడు కూడా.

"లేపాల్సిన చోటే," అంది అక్క, అతని తరఫున. "మామయ్యకి నువ్వు నేర్పుతావా? ఎక్కు ఎక్కు, ఆలస్యమైతే కొండ మీద చీకటి పడుతుంది."

బావ ముందు సీట్లో కూర్చుంటూ కూతురితో, "మీ మామయ్య మొహం చూడవే, కారుకి పెళ్లిచేసి అత్తారింటికి పంపుతున్నట్టున్నాడు," అన్నాడు. ముగ్గురూ నవ్వారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే రకం కాదు అతను. ఇన్నేళ్లూ ఇంకొకరి భుజాలు దులిపి పంపినవాడు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు బుగ్గల దగ్గర పట్టేసి, దిగిరాలేదు.

మేనకోడలు వెనక సీట్లో కూర్చుంది. కుడివైపు సంచి పెట్టింది. తను ఎడమవైపు కిటికీ దగ్గరికి జరిగి, చెప్పులు విప్పి, కాళ్లు మడిచి సీటు మీద పెట్టుకుని పుస్తకం తెరిచింది. ఆ సీటుకి ఎంత కింద ఉంటుంది ఆ గుంట? జానెడు. జానెడు కూడా ఉండదు. మధ్యలో ఒక తివాచీ, ఒక రేకు. కొండ మీద ఈ పిల్ల నిద్రపోతుంది. ఎప్పుడూ అంతే, చిన్నప్పటి నుంచీ, మలుపులు మొదలవగానే కిటికీకి తల ఆనించి నిద్రపోతుంది. పొగ వస్తే ముందు వాళ్లకి తెలుస్తుందా, దీనికి తెలుస్తుందా?

చెబుతాను, అనుకున్నాడు. ఇంజను స్టార్టవగానే చెబుతాను. ఒక్క నిమిషం గడువు. ఆ శబ్దం వినగానే, ఇక ఆగకుండా. గడువు పెట్టుకున్నాక కొంచెం తేలికయింది. ఎడమవైపు నిలబడి చెవులు రిక్కించాడు. తలుపులు మూసుకున్నాయి. స్టీరింగు ముందు అక్క బెల్టు పెట్టుకుంది. బావ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. షెడ్డు రేకుల మీద ఏదో పిట్ట గెంతిన చప్పుడు. ఇంకా స్టార్టు చెయ్యలేదు. ఇంకా టైముంది. అక్క అద్దం సరిచేసుకుంటోంది కాబోలు. ఇంకా టైముంది.

కాళ్ల దగ్గర ఏదో కదిలినట్టయి కిందికి చూశాడు. చక్రం తిరుగుతోంది. చప్పుడు లేదు. నీళ్లలో పడవ ఒడ్డు విడిచినట్టు కారు కదిలిపోతోంది. వెనక చక్రం అప్పుడే అతని చెప్పు దాటింది. ఈ బ్యాటరీ కారుకి ఇంజను లేదు. వినడానికి ఏ శబ్దమూ రాదు. తను ఎంతసేపు ఎదురుచూసినా రాదు.

రెండడుగులు పరుగెత్తి పిడికిలితో కారు పైకప్పును కొట్టాడు. దడ్‌మంది. కారు ఆగింది.

అక్క తల బయటికి పెట్టింది. "ఏంట్రా?"

"ఏం మర్చిపోయావ్ బావమరిదీ, స్క్రూడ్రైవరా?"

అతను బావ వైపు చూడలేదు. వెనక తలుపు తెరిచి, మేనకోడలి ఒళ్లోంచి పుస్తకం తీసుకున్నాడు.

"దిగమ్మా. అక్కా, మీరూ దిగండి. జాకీ తప్పు చోట పెట్టాను. బ్యాటరీకి గుంట పడింది. మీకు కనిపించకుండా నేనే రంగేశాను."