మూడు రోజుల దెబ్బ

నారాయణఖేడ్ నుంచి కల్హేర్ దాకా బ్యాటరీ మోటర్ల గురించి దశరథ్‌కు తెలిసినంత ఇంకే మనిషికీ తెలియదు. ఈ మాట అన్నది దశరథే, పదిమందిలో, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని. ఆయన జన్మలో బ్యాటరీ మోటరును ముట్టుకున్నది మాత్రం ఒక్కసారి. అదీ దుకాణపు స్తెఫను "చెయ్యి తియ్యి" అనేదాకా.

స్తెఫను బ్యాటరీల దుకాణం బస్టాండు వెనుక ఉంటుంది. ఆటోల బ్యాటరీలు, ఇన్వర్టర్ల బ్యాటరీలు, గోడకు వేలాడే వలల కట్టలు, నైలాన్ దారం, గాలాల పొట్లాలు, దారం చుట్టుకునే చర్ఖీ ఉన్న గాలం కట్టె ఒకటి. మూలన గోనెపట్టా కింద, హైదరాబాద్‌లో ఎక్కడో బోటింగ్ మూతపడితే వచ్చిన రెండు పాత మోటర్లు. పొడుగాటి కడ్డీ, పైన పిడి, కింద ఫ్యాను రెక్కలు. తెప్పకు బిగించి బ్యాటరీ తగిలిస్తే తెడ్డుతో పని లేదు. దశరథ్ ప్రతి బుధవారం పొద్దున్నే వచ్చి ఆ గోనెపట్టాను లేపి చూసి, మళ్లీ కప్పిపోతాడు.

ఆయన బాధ ఆయనది. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తూ పై నుంచి పడ్డాక కుడి భుజం పైకి లేవదు. ఊరికొచ్చి సిర్గాపూర్ దిక్కు ప్రాజెక్టులో వలలు వేసుకుంటున్నాడు. ఆ నీళ్లకొక కట్టుబాటుంది: పొద్దు తూము గోడ మీదికి ఎక్కేలోపు నీ వల నువ్వు తీసుకోవాలి, లేకపోతే ఎవరు తీస్తే చేప వాళ్లది. ఒంటిచేత్తో తెడ్డు వేసే దశరథ్ తెప్ప తూము దాటేసరికి పొద్దు గోడెక్కి కూర్చుని ఆయన వంక చూస్తూ ఉండేది.

"ఇరవై వేలల్ల ఏమొస్తది స్తెఫనన్నా?" అని అడిగాడు ఆ బుధవారం కూడా.

"పోయిన వారం చెప్పిందే వస్తది. మోటరుతోని అయిపోదురా. మోటరు ఒకంతు, బ్యాటరీ రెండంతులు."

"గా గాలం కట్టె కూడా గావాలె. చర్ఖీ మెరుస్తుండె చూడు."

"మెరిస్తే నీకు కనవడ్తది, చేపకు గాదు. చేప చూసేది ఎర." స్తెఫను గోడ గడియారం వంక చూసి, "ఆగు" అని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎనిమిదింబావు. ఫట్‌మని చప్పుడైంది. స్తెఫను తల ఎడమకు తిరిగింది, చెంప మీద ఐదు వేళ్లు తేలాయి, పెదవి చిట్లి నెత్తురు గడ్డం దాకా కారింది. ఆయన నోరు పుక్కిలించి, అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎవనిది?" అన్నాడు దశరథ్.

"సంగన్నది. ఆదివారం చర్చికి పోకముందు చేపలు కొననీకి ఆయన తెప్ప ఎక్కిన. బేరంల మాటా మాటా వచ్చింది."

ప్రాజెక్టు నీళ్ల మీద కొట్టిన దెబ్బ మూడు రోజులకు గానీ తగలదు. అదే గడియకు, మనిషి ఎక్కడుంటే అక్కడ. పెళ్లిలో పప్పన్నం కలుపుతుండగా పక్కటెముకలు విరిగినవాళ్లున్నారు. బస్సులో టికెట్టు తీసుకుంటుండగా పన్ను ఊడి కండక్టరు సంచిలో పడ్డవాళ్లున్నారు. దవాఖానలో డాక్టరు కూడా "ఎప్పుడు తగిలింది" అని అడగడు, "ఎప్పుడు కొట్టిండు" అని అడుగుతాడు. చేపను సైతం ఒడ్డుకు తెచ్చే తల మీద కొడతారు. తెప్ప మీద కొడితే అది మూడు రోజులు బుట్టలో ఎగురుతూ కూర్చుంటుంది. తప్పించుకునే దారి ఒక్కటే. దెబ్బ రావలసిన గడియకు కాలు నేలకు అందని లోతులో, ఆ నీళ్ల మీదే ఉండాలి. అప్పుడది ఇంకో మూడు రోజులు జరుగుతుంది. పోదు, జరుగుతుంది.

సంగన్న, అంటే ఆ నీళ్లలోనే వలలు వేసే సంగమేశ్వర్, చెయ్యి మాత్రం ఎన్నడూ ఖాళీగా ఉండేది కాదు. నీళ్ల మీద కొట్టేవాడు, ఒడ్డు మీద కొట్టేవాడు, మాట తడబడితే కొట్టేవాడు. వారంలో ఏ దినం చూసినా ఊళ్లో ఎవరో ఒకరు గడియారం చూసుకుంటూ దవడ పట్టుకుని కూర్చునేవారు.

మర్నాడు, గురువారం పొద్దున, దశరథ్ ఒంటిచేత్తో తూము దాటేసరికి సంగమేశ్వర్ తెప్ప ఆయన వల పక్కనే ఉంది. వలంతా ఆ తెప్పలోకి ఎక్కింది. అందులో వాలుగ ఒకటి, మనిషి కాలంత పొడుగు, తోకతో తపతపా కొట్టుకుంటోంది.

"పొద్దు గోడెక్కింది" అన్నాడు సంగమేశ్వర్, చేప నోట్లోకి తాడు గుచ్చుతూ.

"ఇప్పుడే ఎక్కె! నువ్వు ముందే వచ్చి కూసున్నవు, దొంగ!"

"ఒంటిచెయ్యోనికి వల ఎందుకురా? పోయి గుడి ముంగట కూసో, ఒక్క చెయ్యి సాపితే సాలు."

దశరథ్‌కు కళ్ల ముందు ఎర్రగా అయింది. రెండు తెప్పలూ ఆనుకున్నాయి. ఎడమచేత్తో తెడ్డు లేపి, బలమంతా పెట్టి, సంగమేశ్వర్ కుడి ముంజేయి మీద దించాడు. నెత్తురు రాలేదు, నొప్పీ రాలేదు. కానీ ఆ దెబ్బ ఎంత దూరం పోతుందో ఇద్దరికీ తెలిసింది. సంగమేశ్వర్ లేచి నిలబడ్డాడు. ఇనప పొన్ను వేసిన గడను రెండు చేతులతో నెత్తి మీదికెత్తి, కట్టెలు చీల్చేవాడిలా దించాడు.

దశరథ్ వెల్లకిలా పడిపోయాడు. ఆయన తల పక్కన థర్మాకోల్ తెప్ప అంచు జానెడు లోతున తెగింది.

చుట్టుపక్కల తెప్పలవాళ్లు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకాయన ఫోను తీసి టైము చూశాడు. "ఏడూ ఇరవై. ఇద్దరిదీ ఆదివారం. సంగనిది చెయ్యి, దశరథ్‌ది తలకాయ. తలను చీల్చుకోని తెప్పకు దిగింది చూడు."

దశరథ్ లేచి కూర్చున్నాడు. ఏదో చెప్పబోయాడు. అందరూ అప్పటికే ఆయన్ను శవాన్ని చూసినట్టు చూస్తున్నారు. నోరు మూసుకున్నాడు. ఒడ్డుకు చేర్చినప్పుడు లుంగీ తడిసి ఉంది. నీళ్లు చిల్లాయన్నాడు.

సాయంత్రం సంగమేశ్వర్ దశరథ్ ఇంటికొచ్చాడు. చేతిలో ఆ వాలుగ. వాకిట్లో దశరథ్ భార్య సుహాసిని కొడవలి నూరుతోంది.

"చెల్లె, చేప ఇయ్యనీకి…"

సుహాసిని లేచింది. కొడవలి పక్కన పెట్టి మరీ కొట్టింది. మొదటి చెంపదెబ్బకు చేప జారింది, రెండోదానికి సంగమేశ్వర్ మోకాళ్ల మీద పడ్డాడు, ముక్కులోంచి నెత్తురు మట్టిలోకి చుక్కలు చుక్కలుగా దిగింది. నేల మీది దెబ్బలకు ఆలస్యం ఉండదు.

"నా మొగని తల పగులుతదట ఆదివారం. నువ్వు చేప దెస్తవా? కర్మంత్రానికి వండమని దెచ్చినవా?"

సంగమేశ్వర్ ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. "వట్టిగ భయపెడ్దామనుకున్న. చెయ్యి ఆగలే చెల్లె" అన్నాడు.

సుహాసిని ఆ రాత్రి ఏడవలేదు, లెక్క వేసింది. ఎండాకాలం. నీళ్లు లోపలికి జరిగాయి. కాలందని లోతు తూము అవతల ఎక్కడో ఉంది. చీకట్లో నాచు కనబడదు; వెలుగొచ్చాక ఒంటిచేత్తో తెడ్డు వేస్తే, మధ్యలో నాచు దాటేసరికే ఎనిమిది కొడుతుంది. పైగా ఒక్కసారితో పోదు, మూడు రోజులకొకసారి బతికినన్నాళ్లూ పోవాలి. శుక్రవారం పొద్దున మేకలు రెండూ అమ్మి, మొగుణ్ని వెంటబెట్టుకుని స్తెఫను దుకాణంలోకి నడిచింది. మోటరు మాట ఎత్తితే రెండేళ్లుగా చీపురు ఎత్తిన మనిషి.

దశరథ్ మొహంలో దుఃఖం ఉండాల్సిన చోట ఇంకేదో మెరిసింది. ఐదు స్పీడులు, చార్జింగు చూపించే దీపాలు ఉన్న పెద్ద మోటరు పక్కన నిలబడ్డాడు. "ఇదైతే యాభై అయిదు పౌన్ల తోపుడు…"

"నీ తెప్ప ఓడనా?" అన్నాడు స్తెఫను. "థర్మాకోల్‌కు ఇద్దరు మనుషులకు గీ చిన్నది సాలు. గా పెద్దది గుంజే కరెంటుకు నీ బ్యాటరీ సగం దూరంల సస్తది."

సుహాసిని ముందుకొచ్చింది. "నాచుల ఏది ఆగదు?"

"ఆగనిది లేదమ్మా. రెక్కలు రెండే ఉన్నది తీస్కో, మూడు రెక్కలకైతే నాచు జల్దీ సుట్టుకుంటది. కడ్డీ పొట్టిగ ఉండాలె, లేకుంటే తక్కువ లోతుల రెక్క బురదకు తాకుతది. ఎట్లైనా ఒకరు తోలాలె, ఒకరు నాచు కోయాలె."

"బ్యాటరీ?"

"ఆటోది వద్దు. అది బండి స్టార్ట్ చేసేటందుకే. ఇన్వర్టర్‌ది తీస్కో, బరువు ఎక్కువ, కని మెల్లగ సచ్చేది అదే."

"చిన్న మోటరు, పెద్ద బ్యాటరీ" అంది సుహాసిని. దశరథ్ ఎప్పుడు చేతిలోకి తీసుకున్నాడో ఏమో, మెరిసే చర్ఖీ గాలం కట్టెను ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి గోడకు తగిలించింది.

ఆ మూడు రోజులూ దశరథ్ పెద్దగా మాట్లాడలేదు. భయం పాపం, అనుకున్నారు జనం.

ఆదివారం ఆరున్నరకు తెప్ప కదిలింది. దశరథ్ పిడి పట్టాడు, సుహాసిని ముందు కూర్చుంది కొడవలితో. మోటరు పిల్లికూనలా గురగురమంది. నాచు మొదలైంది. రెక్కకు చుట్టుకోవడం, మోటరు లేపడం, సుహాసిని చేతులు కోసుకుపోతున్నా నాచును నరకడం. ఏడూ పదికి మూడోసారి చుట్టుకుంది. ఆమె కొడవలి జారి బొటనవేలు చీలింది, నీళ్లు ఎర్రబడ్డాయి, ఆమె ఆగలేదు. ఏడూ పద్దెనిమిదికి గడ దించి చూసింది. అందలేదు. లోతు.

ఒడ్డున సంగమేశ్వర్ నిలబడి ఉన్నాడు. ఆయనా లోతుకు పోవచ్చు, రెండు చేతులూ ఉన్నవాడు. పోలేదు. "నాది నేను తింట" అన్నాడట. ఏడూ ఇరవైకి ఎండుకట్టె విరిచినట్టు చప్పుడు నీళ్ల మీదుగా వాళ్ల దాకా వచ్చింది. సంగమేశ్వర్ ముంజేయి మధ్యలో మడత పడింది, తెల్లటి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆయన రాళ్ల మీద దొర్లుతూ పెట్టిన అరుపుకు తూము గోడ మీది కొంగలన్నీ లేచిపోయాయి.

దశరథ్ తలకేమీ కాలేదు. దండం పెట్టుకుంటూ ఏడ్చింది సుహాసిని. దశరథ్ ఒడ్డు వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన మొహంలో మోటరు మెరుపు లేదు.

సంగమేశ్వర్ చేతిలో రాడ్లు వేశారు. పిడికిలి మళ్లీ బిగుసుకోలేదు. సుహాసిని కూలి ఆటో ఆరున్నరకే పోతుంది గనక, నాచు కోయడానికి మనిషి కావాల్సి వచ్చింది. చేతికి కట్టుతోనే వచ్చి తెప్పలో కూర్చున్నాడు సంగమేశ్వర్. "నేను కొట్టిన దెబ్బ. నేనే తోల్కపోత." మూడు రోజులకొకసారి, ఏడూ ఇరవైకి, ఇద్దరూ లోతులో. రెండు మంచి ఎడమచేతులు, ఒక మోటరు. ఎలాగూ పోతున్నారు గనక వలలు కూడా ఉమ్మడిగా వేశారు. పొద్దు గోడెక్కకముందే తీసేవారు. సంగమేశ్వర్ ఆ తర్వాత ఎవరినీ కొట్టలేదు, నేల మీద కూడా. దుకాణంలో స్తెఫను గడియారం చూసి అద్దాలు తీసే అలవాటు మానుకున్నాడు.

ఏడాది తిరిగింది. వానలు బాగా పడి, లోతు ఒడ్డుకు దగ్గరికి జరిగింది. ఒక పొద్దున తెప్పలోకి బ్యాటరీ ఎక్కిస్తూ సంగమేశ్వర్ మాటల్లో మాటగా అన్నాడు. "పటాన్‌చెరుల మా బామ్మర్ది గేటు కాడ కొలువు జూసిండు. అర్ర కూడ ఇస్తరట. బిడ్డను ఆడ్నే కాలేజీల ఏస్తుండె. వద్దన్న."

"ఎందుకు?"

"ఎందుకేంది? నేను పోతే నిన్నెవడు తోల్కపోవాలె?"

దశరథ్ చేతిలో బ్యాటరీ వైరుంది. దాన్ని తగిలించలేదు. ఒడ్డున రాయి మీద కూర్చున్నాడు.

"లే, ఏడైతుంది."

"రాను."

"పిచ్చి లేసిందా? లేరా!" సంగమేశ్వర్ ఆయన జబ్బ పట్టి లాగాడు. దశరథ్ రాయిని వాటేసుకున్నాడు. ఏడూ పది. సంగమేశ్వర్ జుట్టు పట్టి ఈడ్చాడు, మోకాళ్లు గీరుకుపోయాయి, ఇద్దరూ బురదలో దొర్లారు. ఏడూ పద్దెనిమిది. ఏడాది తర్వాత సంగమేశ్వర్ ఎడమచెయ్యి కొట్టడానికి లేచింది. గాల్లోనే ఆగింది. ఇప్పుడు లోతు అందదని అర్థమై, ఆ చెయ్యిని దశరథ్ తల మీద గొడుగులా పెట్టి, దెబ్బ తన వేళ్ల మీద పడాలని కళ్లు మూసుకున్నాడు.

ఏడూ ఇరవై. కొంగొకటి నీళ్లలో ముక్కు పెట్టి తీసింది. ఏడూ ఇరవై రెండు.

"ఎట్లరా?" అన్నాడు సంగమేశ్వర్.

"నీ గడ నాకు తగల్లే సంగన్నా. తెప్పకే తగిలింది."

"అబద్ధం. నన్ను పంపనీకి జెప్తున్నవు. నువ్వు పడంగ అందరు జూసిన్రు."

"పడ్డ. దెబ్బకు గాదు. నువ్వు గడ లేపంగనే పడ్డ. అందరు సస్తననుకున్నరు, మా ఆమె మోటరు కొంటనన్నది… నోరు మూసుకున్న. నీ చెయ్యి ఇరిగినంక చెప్పనీకి మొఖం లేకపాయె."

సంగమేశ్వర్ ఆయన తల తడిమి చూశాడు. "నమ్మ. తెడ్డుతోని నన్ను కొట్టినోడు గడ జూసి ముందుగాలనే ఎట్ల పడ్తడు? నువ్వంత పిరికోనివి గాదు. సాక్ష్యమేంది?"

దశరథ్ తల వంచుకున్నాడు. మోకాలి నెత్తురు తుడుచుకున్నాడు. నీళ్ల వంక, తూము వంక, కొంగ వంక చూశాడు. ఇక చూడడానికి ఏమీ మిగల్లేదు.

"ఆ దినం నా లుంగీ తడిసుండె, యాదికున్నదా?"

"ఉన్నది. నీళ్లు సిల్లినయన్నవు."

"తెప్పల సుక్క నీళ్లు లేవు సంగన్నా."