లోపలివైపు గడియ

నేను ఒక ఇత్తడి గడియను. కొలిమిలో కరిగి, ఆకురాయి రాపిడికి నునుపుదేలి, కాకినాడలో ఇనుప సామాన్ల కొట్టుకు చేరాను. మనుషులు నన్ను కొనేటప్పుడు "గట్టిదేనా?" అని అడుగుతారు గానీ, ఎవరికి అడ్డం పెట్టబోతున్నారో మాత్రం చెప్పరు.

వకుళ నన్ను తన కొడుకు గది తలుపుకు లోపలివైపు బిగించింది. మురారికి ముప్పయ్యేళ్లు దాటాయి. ఆటిజం. మాటలు తక్కువ, విన్న మాటను విన్నట్టే పట్టుకుంటాడు. "గడియలో వచ్చేస్తా నాన్నా" అని తల్లి బజారుకు వెళితే, నన్నొకసారి వేసి తీసి, ఇంకా రాలేదేమని వీధి గుమ్మం వంక చూసేవాడు. అతని లెక్కలో గడియంటే నేనే. నాకు గర్వంగానే ఉండేది, దాచడమెందుకు?

ఒక మధ్యాహ్నం వకుళ వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. "ఒక్క గడియ... లేస్తా నాన్నా" అంది. మురారి నన్ను వేశాడు, తీశాడు. మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు. ఆమె లేవలేదు. అతని చెమటతో నా ఒళ్లు తడిసిపోయింది. ఆ చప్పుడుకు విసుక్కుంటూ వచ్చిన పక్కింటివాళ్లే ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. ఆనాటి భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆమె కోలుకుంది గానీ, తను పోతే కొడుకు ఎక్కడుంటాడన్న దిగులు మాత్రం పట్టుకుంది. ఇలాంటివాళ్లను ఉంచుకునే వసతి గృహం ఒకటి చూసొచ్చి, ఫోన్లో అక్కతో ఏడ్చింది. "గదులు అద్దంలా ఉన్నాయక్కా. గడియలు మాత్రం అన్నీ బయటివైపే పెట్టారు. అడిగితే భద్రత కోసమన్నారు. వాణ్ణి అక్కడెలా వదలను?" నావాళ్లు అలాంటి కొలువులో కూడా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

చివరికి మరో రెండు కుటుంబాలతో కలిసి వకుళ పక్క వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంది. ముగ్గురు కొడుకులకూ తలో గది, తోడుగా ఉండడానికి దైవసహాయం అనే మనిషి. ముందు ఒక్క రోజు ఉంచి చూద్దామనుకున్నారు. మురారికి అలవాటైనదాన్నని నన్నూ ఊడదీసి అక్కడ బిగించారు. "లోపల గడియేంటండీ, ఏదన్నా అయితే?" అని మిగతావాళ్లు హడలిపోయారు. అవసరమైతే బయటినుంచి తీసే ఏర్పాటు చేయించాకే ఒప్పుకున్నారు.

మురారి కొత్త గదిలోకి వెళ్లి నన్ను వేశాడు. ఇక తీయలేదు. భోజనాల వేళ దాటిపోయింది. మంచం అంచున చెవులు మూసుకుని కూర్చున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను, చెబుదామంటే నోరు లేదు.

"బయటినుంచి తీసెయ్యి బాబూ, నా ప్రాణం పోతోంది" అని అవతల వకుళ బతిమాలింది.

"వద్దమ్మా. ఆయన్నే అడుగుదాం" అన్నాడు దైవసహాయం. తలుపు మెల్లగా తట్టాడు. "మురారి గారూ, అన్నం తెమ్మంటారా?"

మురారిని గారూ అని పిలవగా నేనెన్నడూ వినలేదు. దైవసహాయం మళ్లీ తట్టకుండా అక్కడే నిలబడ్డాడు.

చాలాసేపటికి మురారి వేళ్లు నన్ను పక్కకు జరిపాయి. తలుపు కొద్దిగా తెరుచుకుంది. దైవసహాయం తెచ్చిచ్చిన కంచం మురారి అందుకున్నాడు. తల్లిని చూశాడు. కొంగు పట్టుకుని ఇంటికి పదమంటాడని నేననుకున్నాను. ఆమె అప్పటికే చెయ్యి చాపింది.

"అమ్మా, నువ్వు ఇంటికెళ్లు" అన్నాడు.

తలుపు మూసి, నన్ను తనే వేసుకున్నాడు. అవతల వకుళ తలుపుకు ఆనుకోవడం నాకు తెలిసింది. కాసేపటికి చెప్పులేసుకుని, భయపడుతూనే, కొడుకు చెప్పినట్టు ఇంటికి వెళ్లింది.