మధ్య బటన్

తాళం వేశానో లేదో, తలుపు లాగినట్టు గుర్తుంది, తాళం చెవి జేబులోనే ఉంది, కానీ చెవి జేబులో ఉన్నంత మాత్రాన తాళం వేసినట్టు కాదు కదా, పోయినసారి ఇలాగే సగం దారిలోంచి వెనక్కి వెళ్ళి చూస్తే నిక్షేపంగా వేలాడుతోంది, సాయంత్రం ఆ మాట చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది, ఆవిడ నాకన్నా ముందే పనికి వెళ్ళిపోతుంది కాబట్టి తాళం నా వంతు, ఉన్నావా, అని ట్యాంకు మూతిలోకి వంగి అరిచాను, ఉన్నా బావా, ఎక్కడికి పోతా, ఇక్కడ నాకేమన్నా సినిమా వేస్తున్నారా, అని అడుగునుంచి మా బావమరిది గొంతు గుండ్రంగా తిరుగుతూ పైకొచ్చింది, ఇదీ నా డ్యూటీ, మూతి దగ్గర నిలబడటం, లోపలివాణ్ణి పిలుస్తూ ఉండటం, వాడు పలికితే మళ్ళీ పిలవడం, మా కాగితం మిల్లులో గుజ్జు కడిగిన మురికినీళ్ళన్నీ చేరే ట్యాంకు ఇది, నీళ్ళు తోడేశాక అడుగున మోకాలి లోతు మడ్డి మిగులుతుంది, ఎవడో ఒకడు నిచ్చెన దిగి పారతో దాన్ని ఎత్తి బకెట్లో పోయాలి, నేను తాడుతో పైకి లాగాలి, బకెట్టుకీ బకెట్టుకీ మధ్య చేతులకు పని లేదు, చేతులు ఊరుకుంటే నా బుర్ర ఊరుకోదు, తాళం వేశానా.

మిల్లంతా వాణ్ణి గ్యారంటీ అంటుంది, నన్ను డౌటు బావ అంటుంది, వాణ్ణి ఏదడిగినా గ్యారంటీ అంటాడు, నన్నేదడిగినా ఏమో అంటాను, పెళ్ళికి ముందు అమ్మాయి నచ్చిందా అని ఇంట్లోవాళ్ళు అడిగితే కూడా ఏమో అన్నానట, పక్కనే ఉన్న వీడు, మా అక్క గ్యారంటీగా నచ్చింది, చెవులు చూడండి ఎలా ఎర్రబడ్డాయో, అని తేల్చేశాడు, అంటే నా పెళ్ళి కూడా వాడి గ్యారంటీ మీదే జరిగింది, మేడమ్ వచ్చాక మా ఇద్దరికీ రంగులు కూడా అంటుకున్నాయి, ట్యాంకుల్లో దిగే పనికి శిక్షణ ఇచ్చే మేడమ్, ఎప్పుడూ గొంతు బొంగురుపోయి ఉండేది, ఆవిడ ట్యాబ్‌లో ప్రశ్న వస్తుంది, జవాబు నొక్కుతాం, అంతటితో వదలదు, ఈ జవాబు నీకెంత బాగా తెలుసు అని మళ్ళీ అడుగుతుంది, కింద మూడు బటన్లు, తెలియదు, అనుకుంటున్నాను, ఖచ్చితంగా తెలుసు, నేను కొలిచేది మార్కులు కాదండీ, మీ జవాబుని మీరెంత నమ్ముతున్నారో అది, అని ఆవిడ అంటే, నమ్మకం కొలవడానికి ఇదేమన్నా పాలా మేడమ్, అన్నాడు మావాడు, గదంతా గొల్లుమంది, ఆవిడ కూడా నవ్వింది, తర్వాత నవ్వకుండా చెప్పింది, తెలియదని తెలిసినవాడు ఆగి అడుగుతాడు, వాడితో నాకు భయం లేదు, తప్పుని ఖచ్చితంగా నమ్మేవాడు ఆగడు, వాడితో నాకు భయం, అలాంటి జవాబుకి ఎరుపు వస్తుంది, అని, మావాడికి ఎరుపొచ్చింది, నాకు జవాబులన్నీ ఒప్పే, అన్నిటికీ మధ్య బటనే నొక్కాను, మొదటినుంచి చివరిదాకా పసుపు.

ఉన్నావా, ఉన్నా, ఇదిగో బావా నా నడుముకున్న ఈ తాడు మడ్డి కలిపే రెక్కలకు చుట్టుకుని చంపుతోంది, కాసేపు విప్పేస్తున్నా, విప్పకు, ఆ మూలది ఎత్తేసి మళ్ళీ కట్టుకుంటాలే, విప్పొద్దన్నానా, ఏం కాదు గ్యారంటీ, కొక్కెం నడుమునుంచి ఊడిన చప్పుడు వినిపించింది, నా చేతిలో తాడు బరువు తగ్గి వదులైంది, లాగితే ఖాళీగా వచ్చేస్తుందని తెలిసీ కొంచెం లాగి చూశాను, నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది, గట్టిగా చెప్పడం నాకు పుట్టుకతోనే రాలేదు, మా నాన్న దుకాణంలో ధర చెప్పేటప్పుడు కూడా గొంతు తగ్గించేవాడు.

బావా ఇక్కడ కంపు కొడుతోందే, కుళ్ళిన గుడ్డు కంపు, అన్నాడు, మడ్డి కదిలితే ఆ మాత్రం కంపు ఉంటుంది, దిగేముందు గ్యాసు మీటరు దించి చూశాం, అంతా బాగానే ఉందని చూపించింది, అది ఒక్కటే మీటరు, అవతలి ట్యాంకు వాళ్ళొచ్చి పట్టుకుపోయారు, పైకి రమ్మందామా, పోయిన నెల ఇలాగే ఏదో వాసనొచ్చిందని ముగ్గుర్ని పైకి పిలిచాను, తీరా చూస్తే పక్క గొట్టంలోంచి ఆవిరి, ఫిట్టరు పెద్దాయన వారం పాటు కనిపించినప్పుడల్లా ముక్కు ఎగబీల్చి చూపించేవాడు, డౌటు బావా ఈ పూట వాసనలేమన్నా ఉన్నాయా అని, ఇంకో బకెట్టు చూసి పిలుద్దామనుకుంటూ ఉండగానే లోపలినుంచి, పోయింది బావా వాసన, హాయిగా ఉంది ఇప్పుడు, అన్నాడు.

వాసన పోయింది అంటే, ఈ మాట నేను ఎక్కడో చదివాను, ఎక్కడో కాదు ట్యాబ్‌లోనే, వాసన ఆగిపోతే దాని అర్థం ఏమిటి, గ్యాసు పోయింది, గాలి ఆడుతోంది, మడ్డి చల్లబడింది, ముక్కు చచ్చుబడింది, అని నాలుగు జవాబులు, మావాడు గ్యాసు పోయింది అని నొక్కి, ఖచ్చితంగా తెలుసు అని నొక్కి, ఎరుపు తెచ్చుకున్నది ఈ ప్రశ్నకే, మేడమ్ వాణ్ణి కూర్చోబెట్టి చెప్పింది, గ్యాసు ఎక్కువైతే ముందు ముక్కే పడిపోతుంది, వాసన రాలేదంటే అది వెళ్ళిపోయినట్టు కాదు, నువ్వు పోబోతున్నట్టు, అని, రెండోసారి మావాడు సరైనదే నొక్కి, ఖచ్చితంగా తెలుసు అనీ నొక్కాడు, పచ్చ వెలిగింది, బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, మేడమ్‌కి ఏదిష్టమో అది నొక్కేశా బావా, నా ముక్కు సంగతి నాకు తెలీదా, అన్నాడు, ముక్కు చచ్చుబడింది అనే కదా నేను కూడా నొక్కింది, పసుపుతో, లేకపోతే లోపలికి వేసిన గాలి గొట్టం ఇప్పుడే బాగా ఊదుతోందేమో, అవునేమో, పైకి రా అని అరవాలి, అరిచాక ఏమీ లేకపోతే, నోరు తెరిచాను, పైకి రా అన్న మాట నాలుక మీద ఉంది, నాకు నిజంగానే ఆ రుచి తెలుస్తోంది, నోట్లోంచి వచ్చింది మాత్రం, నిజంగానా, అని.

గ్యారంటీ బావా.

ఉన్నావా, ఉన్నావా ఒరేయ్, పార ఇనుముకి తగిలిన మోత, తర్వాత మెత్తగా ఏదో కూర్చున్నట్టు, ఉన్నావా, నా గొంతే గుండ్రంగా తిరిగి నా మొహానికి కొట్టింది, చెయ్యి అలారం మీద పడింది, అది ఊళ వేస్తోంది, కుడికాలు అప్పటికే నిచ్చెన మెట్టు మీద ఉంది, ఎప్పుడు పెట్టానో తెలియదు, కింద చీకట్లో వాడి పసుపు టోపీ పక్కకు వాలి కనిపిస్తోంది, మొహం మడ్డిలో ఉందో పైకి ఉందో తెలియడం లేదు, లోపలి మనిషి పలకకపోతే బయటివాడు ఏం చేయాలి, దిగకూడదు, అలారం కొట్టాలి, మొహానికి గాలి తొడుగులున్న వాళ్ళు వచ్చేదాకా ఎవర్నీ దిగనివ్వకూడదు, ఈ ప్రశ్నకు పసుపు పోవడానికి నాకు చాలాకాలం పట్టింది, పచ్చ వస్తే గానీ మూతి దగ్గర నిలబడనివ్వరు, మేడమ్ నన్ను విడిగా పిలిచి, జవాబు తెలుసు కదండీ, మరి మధ్యది ఎందుకు నొక్కుతున్నారు, అంది, ఏమో మేడమ్ అన్నాను, ఆవిడ విసుక్కోలేదు, మీరు అలా ఏమో అనుకుంటూ నిలబడినంతసేపూ లోపలి మనిషి ఆ గాలే పీలుస్తూ ఉంటాడండీ, అంది, ఆ ప్రశ్న చదివినప్పుడల్లా లోపల నాకు వీడే కనిపించేవాడని ఆవిడకెలా చెప్పను, చివరికి వీడే బతిమాలాడు, మూడోది నొక్కెయ్ బావా, పైన నువ్వు ఉంటేనే నేను దిగుతా, నీ అంత భయపడేవాడు నాకు ఇంకెవడు దొరుకుతాడు, అని, నొక్కేశాను.

కాలు వెనక్కి తీశాను, తీసింది నేనేనా అని ఇప్పటికీ అనిపిస్తోంది, జనం పరుగెత్తుకొచ్చారు, ఫిట్టరు పెద్దాయన చొక్కా విప్పి ముక్కుకీ నోటికీ కట్టుకుని నిచ్చెన పట్టుకున్నాడు, ఆయన బెల్టు పట్టుకుని వెనక్కి లాగాను, వదలరా, నీ పెళ్ళాం తమ్ముడురా లోపల, నువ్వు మనిషివేనా, అని నా చెంప మీద కొట్టాడు, దిగొద్దు, ఎవరూ దిగొద్దు, అని అరిచాను, అంత గొంతు నాకుందని నాకే తెలియదు, అందరూ ఆగిపోయారు, ఇంత గొంతు ఇందాక ఎక్కడికి పోయింది, నిజంగానా అని అడిగినప్పుడు ఇది ఎక్కడ ఉంది.

తొడుగులవాళ్ళు వచ్చారు, దిగారు, కట్టారు, లాగారు, మడ్డి కారుతున్న వాడి మొహాన్ని మిల్లు నర్సమ్మ చేత్తో తుడిచింది, ఛాతీ మీద నొక్కింది, నొక్కుతూనే ఉంది, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఊరికే చేతులు చూసుకుంది, నాకు అర్థమైంది, ఎవరో నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు, నీళ్ళు ఇచ్చారు, తాగానో లేదో, మేడమ్ వచ్చి నా ముందు నిలబడింది, మీరు దిగి ఉంటే ఇద్దరూ, ఫిట్టరు గారు దిగి ఉంటే ముగ్గురూ పోయేవారు, మీరు సరిగ్గా చేశారండీ, అంది, బొంగురు గొంతు ఇంకా బొంగురుగా ఉంది, పచ్చ, అనుకున్నాను, వాడికీ పచ్చే, నాకూ పచ్చే, మా ఇద్దరి పేర్లూ ఆవిడ ట్యాబ్‌లో పచ్చగానే ఉండి ఉంటాయి, నాకు ఆవిడ మీద కోపం రావడం లేదు, వస్తే బాగుండును.

మా ఆవిడకు ఫోన్ చేశారట, బయల్దేరిందట, ఎందుకు దిగలేదు అని అది అడగదు, అది నన్ను ఎరుగుదును అనుకుంటుంది, నా చొక్కా పట్టుకుని ఒక్కటే అడుగుతుంది, వాడు చివర ఏమన్నాడు, అని, వాసన పోయింది హాయిగా ఉంది అన్నాడు అని నేను చెప్పాలి, అప్పుడు అది, ఏమండీ, వాసన పోయిందంటే ఏమిటో మీకు తెలీదా, అంటుంది, ఇంటిల్లిపాదీ నా నోటివంక చూస్తారు, ఏమో అంటాననే అనుకుంటారు, అంటే నమ్ముతారు కూడా, జాలి పడతారు, పాపం డౌటు మనిషి, వాడికేం తెలుసు అంటారు, ఆ ఏమో ఇప్పటికే పెదవి మీదికి వచ్చి కూర్చుంది, ఇన్నేళ్ళూ నేను నిలబడ్డది దాని మీదే, తప్పైతే నాది కాదు, ఒప్పైతే నాదే, ఎవరూ ముక్కు ఎగబీల్చి నవ్వరు, తెలియక నొక్కలేదు నేను మధ్య బటన్, ఒక్కసారి కూడా తెలియక నొక్కలేదు, తాళం సంగతి కూడా అంతే, వేశాను, రెండుసార్లు లాగి చూశాను, వేళ్ళకి గుర్తుంది, గేటు దగ్గర రిక్షా ఆగింది, అది దిగుతోంది, చెప్పులు లేకుండానే వచ్చేసింది, అడగనీ, తెలుసు అంటాను, వాడు ఆ మాట అన్న క్షణానే నాకు తెలుసు.